యాంటీబయాటిక్ వేశాం, జ్వరం ఇంకా ఉంది



యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఒక రోజు గడిచింది. చెప్పిన పూటలన్నీ మందు పడింది. పాపకు ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. థర్మామీటర్ పెడితే 102. మందు పనిచేయట్లేదా? మార్చమని అడుగుదామా? ఇంజెక్షన్ చేయించాలా? పిల్లల డాక్టర్ దగ్గరికి ఈ ప్రశ్నతో రాని తల్లి లేదు. ఫోను కూడా ఎక్కువగా రాత్రి పదకొండు దాటాకే వస్తుంది.

ఈ పూట దీని గురించే మాట్లాడుకుందాం. చెప్పబోయేది చిన్న సంగతే. యాంటీబయాటిక్ మొదటి డోసు వేసిన టైం రాసిపెట్టుకోండి. అక్కడినుంచి గంటలు లెక్కపెట్టండి. ఒకసారి వచ్చిన జ్వరానికీ, మళ్ళీ వచ్చిన జ్వరానికీ మధ్య ఎడం ఎంతో చూడండి. గంటలు లెక్కపెట్టండి, ఎడం చూడండి. ఎందుకో చెప్తాను.

పొయ్యి మీద దోసె పెనం ఉంది. కింద మంట పెద్దగా ఉంది. పిండి వేసే ముందు పెనం మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుతాం. చుయ్యిమంటుంది. పెనం కాస్త చల్లబడుతుంది. కింద మంట అలాగే ఉంది కదా, నిమిషంలో మళ్ళీ కాలుతుంది. పారాసిటమాల్ చేసేది ఆ నీళ్ళు చల్లే పని. వేసిన గంటకు జ్వరం దిగుతుంది. పిల్ల లేచి రెండు ముద్దలు తింటుంది. నాలుగైదు గంటలకు మందు బలం తగ్గుతుంది. జ్వరం మళ్ళీ ఎక్కుతుంది.

యాంటీబయాటిక్ పెనం జోలికి పోదు. అది పోయేది కింద మంట దగ్గరికి. అంటే జ్వరానికి కారణమైన బాక్టీరియా దగ్గరికి. డోసు డోసుకూ ఆ మంట తగ్గుతూ వస్తుంది. మంట తగ్గిన క్షణానే పెనం చల్లారదు. ఒంట్లోనూ అంతే. క్రిములు తగ్గడం మొదలైనా, వాటితో పోరాడుతున్న మన రక్షణ కణాలు కొన్ని రసాయనాలను వదులుతూనే ఉంటాయి. మెదడులో హైపోథాలమస్ అనే చోటు ఉంది. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. ఆ రసాయనాలు తగ్గేదాకా అది వేడిని పైనే ఉంచుతుంది.

ఎంతసేపు పడుతుంది? చెవిలో ఇన్ఫెక్షన్, గొంతులో బాక్టీరియా, మామూలు న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్. ఇలాంటివాటికి సరైన యాంటీబయాటిక్ పడితే, సాధారణంగా 48 గంటల నుంచి 72 గంటల్లో జ్వరం లొంగుతుంది. అంటే రెండు రోజుల నుంచి మూడు రోజులు. మొదటి డోసు వేసిన గంట నుంచి లెక్క. జ్వరం వచ్చిన రోజు నుంచి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళిన రోజు నుంచీ కాదు. మందు నోట్లో పడిన గంట నుంచి.

ఆ రెండు మూడు రోజుల్లో ఏం చూడాలి? "జ్వరం పోయిందా, లేదా" అని ఒక్కటే చూస్తే కంగారే మిగులుతుంది. ఒక బాబు ఉన్నాడనుకుందాం. నాలుగేళ్ళు. చెవి పోటు. సోమవారం సాయంత్రం 7 గంటలకు మొదటి డోసు పడింది. ఆ రాత్రి 103 వచ్చింది. పారాసిటమాల్ వేస్తే తగ్గి, ఐదు గంటలకే మళ్ళీ వచ్చింది. మంగళవారం 102 వచ్చింది. తగ్గాక ఏడెనిమిది గంటలు రాలేదు. బుధవారం పగలంతా ఆడుకున్నాడు. సాయంత్రం 100 దాటి కొంచెం వచ్చింది. మూడు రోజులూ జ్వరం వచ్చిందనే తల్లి అంటుంది. అది నిజమే. ఆ మూడు రోజుల్లో జ్వరం ఎత్తు తగ్గింది, ఎడం పెరిగింది. మందు పనిచేస్తోంది. ఆ బాబుకు మందు మార్చాల్సిన పని లేదు.

ఎత్తు తగ్గుతోందా, ఎడం పెరుగుతోందా. మళ్ళీ చెప్తున్నాను, ఎత్తు తగ్గుతోందా, ఎడం పెరుగుతోందా.

ఇది గుర్తుపెట్టుకుంటే వచ్చేది కాదు. కాగితం కావాలి. ఒక తెల్ల కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. పైన మొదటి డోసు టైం. కింద జ్వరం చూసినప్పుడల్లా టైం, ఎంత ఉందో. ఏ మందు ఎంత వేశారో, ఎవరు వేశారో. పాప మూత్రం పోసిందా లేదా. ఇంతే. అందంగా గీతలు గీయక్కర్లేదు.

మన హైదరాబాద్‌లో బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేట, మల్లంపేట వైపు ఇళ్ళకు ఈ కాగితం మరీ అవసరం. ఇక్కడ ఇంట్లో అందరికీ ఒకే టైం లేదు. ఒక ఇంట్లో నాన్న హైటెక్ సిటీలో సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా సాగే మీటింగుల్లో ఉంటాడు. ఇంకో ఇంట్లో అమ్మ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు. డాక్టర్ రెడ్డీస్, అరబిందో కంపెనీలు మాత్రలు తయారుచేసేది ఈ బాచుపల్లిలోనే కదా. పగలు పిల్లను చూసేది ఊరినుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో. మూడు గంటలకు నానమ్మ జ్వరం మందు వేస్తుంది. నాలుగున్నరకు అమ్మ ఇంటికొస్తుంది. ఒళ్ళు పట్టుకుని చూసి, మళ్ళీ వేస్తుంది. ఎవరి తప్పూ లేదు. ఇద్దరికీ ప్రేమే. కానీ పాపకు గంటన్నరలో రెండు డోసులు పడ్డాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కాగితం మీద ఒక్క గీత ఉంటే ఇది జరగదు. నానమ్మకు చదువు రాకపోతే, మందు వేసినప్పుడల్లా ఒక గీత గీసి, గడియారం ముల్లు ఎక్కడుందో బొమ్మ వేయమనండి. వేస్తారు. మన పెద్దవాళ్ళు లెక్కలో మనకంటే గట్టివాళ్ళు.

పారాసిటమాల్ దగ్గర ఇంకొంచెం ఆగుదాం. ఇది మంచి మందు. సరిగ్గా ఇస్తే ఎంతో భద్రమైన మందు. డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకు, ఒకసారికి 150 మిల్లీగ్రాములకు మించదు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మందుల షాపులో ఒకే పేరుతో వేర్వేరు బలం ఉన్న సీసాలు ఉంటాయి. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు. ఇంకో సీసాలో అదే 5 మిల్లీలీటర్లకు 250. మొదటి సీసాలోంచి అయితే ఈ పాపకు 6 మిల్లీలీటర్లు. రెండో సీసాలోంచి అయితే 3 మిల్లీలీటర్లే. పసిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కగా ఉంటాయి. ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు. డ్రాప్స్ సీసాలోంచి సిరప్ కొలత పోస్తే ప్రమాదం. అందుకే చీటీ మీద ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఒక్కటే చూడకండి. ఏ బలం సీసా అన్నదీ చూడండి. వంటింటి చెంచాతో కొలవకండి. సీసాతో వచ్చిన కొలత మూతో, సిరంజో వాడండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు. రోజు మొత్తంలో 4 సార్లకు మించకూడదు. జ్వరం లేనప్పుడు గడియారం చూసి వేస్తూ పోవద్దు. అలా వేస్తే ఎడం ఎంతో మీకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు.

జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరం మందు ఒకటి, జలుబు మందు ఒకటి ఇస్తున్నాం అనుకుంటాం. నిజానికి ఒకే మందు రెండుసార్లు ఇస్తున్నాం. లేబుల్ చదవండి. చదవడం కష్టమైతే షాపతన్ని అడగండి.

పారాసిటమాల్ వేసినా దిగట్లేదని చాలామంది ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కలిపిన సిరప్‌లకు పోతారు. వాన కాలంలో హైదరాబాద్‌లో డెంగీ ఉంటుంది. డెంగీలో ఇవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి. యాస్పిరిన్ పిల్లల జ్వరానికి అసలే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాత సీసా అల్మారాలో ఉంటే తీసి పారేయండి.

ఇక యాంటీబయాటిక్ సంగతి. పిల్లల యాంటీబయాటిక్ చాలావరకు పొడి రూపంలో సీసాలో వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి కలపాలి. మొదట పోసినప్పుడు నురుగు వస్తుంది. నురుగు గీతను తాకిందని ఆపేస్తే నీళ్ళు తక్కువ పడతాయి, మందు చిక్కనవుతుంది. నురుగు దిగాక చూసి, మళ్ళీ గీత దాకా పోయండి. ప్రతిసారీ ఇచ్చే ముందు బాగా ఊపండి. ఊపకపోతే మందంతా అడుగున ఉంటుంది. మొదటి మూడు రోజులు పాపకు పడేది ఎక్కువగా నీళ్ళే. జ్వరం తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణం, దీన్ని ఎవరూ అనుమానించరు. అమాక్సిసిలిన్, క్లావులానేట్ కలిసిన సిరప్ ఒకసారి కలిపాక ఫ్రిజ్‌లోనే ఉండాలి. సాధారణంగా 7 రోజులే పనికొస్తుంది.

ఫ్రిజ్ అందరి ఇళ్ళలో ఉండదని నాకు తెలుసు. బాచుపల్లిలో ముప్పై అంతస్తుల టవర్ లేస్తున్న చోటే, దాని పక్కన రేకుల షెడ్లలో ఆ టవర్ కట్టే వాళ్ళ పిల్లలున్నారు. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఫ్రిజ్‌లో పెట్టమని చీటీ రాసివ్వడం వైద్యం కాదు. నీళ్ళలో కరిగే చిన్న మాత్రలు వస్తున్నాయి. చెంచాడు నీళ్ళలో వేస్తే కరిగిపోతాయి. ఫ్రిజ్ అక్కర్లేదు. ఐదేళ్ళలోపు పిల్లల న్యుమోనియాకు ఇలా కరిగే అమాక్సిసిలిన్ మాత్రనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. "మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, కరిగే మాత్ర రాయండి" అని డాక్టర్‌ను అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దగ్గర్లో పనిచేసే శ్రోతలెవరైనా ఉంటే, ఆ షెడ్లలోని తల్లులకు ఈ మాట చేరవేయండి.

పాప మందు కక్కేస్తే? వేసిన అరగంటలోపే మొత్తం కక్కేస్తే, డాక్టర్‌ను ఫోనులో అడిగి మళ్ళీ వేయొచ్చు. అరగంట దాటితే ఆ డోసు పడినట్టే. విరేచనాలు పల్చగా అవుతాయి. యాంటీబయాటిక్‌తో ఇది మామూలే. మందు ఆపేయకండి, డాక్టర్‌కు చెప్పండి. ఓఆర్‌ఎస్ పట్టించండి. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి, చక్కెర ఎక్కువ ఉన్న పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. మీరు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలపండి.

లంఖణం పరమౌషధం అంటారు పెద్దలు. పిల్లల విషయంలో ఆ మాట పక్కన పెడదాం. జావ, మెత్తటి అన్నం, పప్పుకట్టు, ఇడ్లీ, మజ్జిగ, ఏది తింటే అది. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపొద్దు. అన్నం రెండు రోజులు తక్కువ తిన్నా ఫరవాలేదు, నీళ్ళు తగ్గకూడదు. దుప్పట్లు, స్వెటర్లు కప్పి ఉక్కిరిబిక్కిరి చేయొద్దు. పల్చటి నూలు బట్ట చాలు. ఒళ్ళు తుడవాలనిపిస్తే గోరువెచ్చని నీళ్ళతోనే. ఐసు నీళ్ళు, స్పిరిట్ వద్దు. పిల్ల వణుకుతుంటే తుడవడం ఆపేయండి.

ఇప్పుడు గంటల లెక్క కుదరని జ్వరాలు రెండు చెప్తాను.

ఒకటి టైఫాయిడ్. సరైన యాంటీబయాటిక్ పడినా, టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఇక్కడే తల్లిదండ్రుల ఓపిక సన్నగిల్లుతుంది. మూడో రోజు ఒక ఆసుపత్రి, ఐదో రోజు ఇంకో ఆసుపత్రి మారుస్తారు. మారిన చోటల్లా మందు మారుతుంది. నయం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. టైఫాయిడ్ అని డాక్టర్ చెప్తే, ఎన్ని రోజులు ఎదురుచూడాలో అప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి.

రెండోది డెంగీ. ఇది వైరస్. యాంటీబయాటిక్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇందులో జ్వరం దిగాకే అసలు జాగ్రత్త మొదలవుతుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడడం, మగతగా పడి ఉండడం కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి. యాంటీబయాటిక్ వల్ల జ్వరం తగ్గిందని ఊరుకోవద్దు.

జలుబు, దగ్గు, సాధారణ వైరల్ జ్వరాలకూ యాంటీబయాటిక్ పనిచేయదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే, అక్కడ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. 1948 సంగతి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ జాతి మందులు కొట్టేది బాక్టీరియానే. అందుకే వాటిని వృథా చేయకూడదు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద చాలా యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని మందుల షాపు రిజిస్టర్‌లో రాయాలి. మందు అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటే, డాక్టర్ చీటీ లేకుండా అది కొనకూడదని అర్థం. మనకు దగ్గర్లోని పటాన్‌చెరు సంగతి చూడండి. మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్ళలో కూడా సిప్రోఫ్లాక్సాసిన్ మోతాదు, మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదును మించి ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో తేల్చారు. రోజూ మందు చవిచూసే క్రిములు మందుకు అలవాటు పడతాయి. నీళ్ళలో మందు ఆపడం ప్రభుత్వాల పని, కంపెనీల పని. వాళ్ళను అడగాల్సిందే. ఇంట్లో మనం ఆపగలిగింది ఒకటుంది. అక్కకు మిగిలిన సిరప్ తమ్ముడికి పట్టకండి. జ్వరం దిగిందని మూడో రోజే మీ అంతట మీరు ఆపేయకండి. ఎన్ని రోజులన్నది డాక్టర్‌నే చెప్పనివ్వండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పక్కింటి బాబుకు పనిచేసిందని రాసిన మందు మీ పాపకు వద్దు.

ఇక మళ్ళీ గంటల లెక్కకు వద్దాం. మూడు రోజులు నిండాయి అనుకోండి. అంటే మొదటి డోసు నుంచి 72 గంటలు. ఎత్తు తగ్గలేదు, ఎడం పెరగలేదు. అప్పుడు తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కాగితం తీసుకెళ్ళండి. మందు సీసాలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. అసలు అది వైరస్ కావొచ్చు. క్రిమికి ఆ మందు లొంగకపోవచ్చు. ఎక్కడో చీము పట్టి ఉండొచ్చు. మందు కలపడంలో తేడా ఉండొచ్చు. ఆ కాగితం, ఆ సీసాలు చూస్తే డాక్టర్‌కు సగం దారి తెలుస్తుంది. రెండు రోజులు జ్వరమే లేకుండా ఉండి మళ్ళీ వచ్చినా చూపించండి.

కొన్నిటికి గంటలు లెక్కపెట్టకూడదు. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 జ్వరం వస్తే అప్పుడే ఆసుపత్రికి. ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తుంటే, అప్పుడే. లేపినా సరిగా లేవకపోతే, మెడ బిగుసుకుంటే, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోతే, ఒంటి మీద ముదురు ఎరుపు మచ్చలు లేస్తే, మందు వేశాక ముఖం వాచి దద్దుర్లు వస్తే, అప్పుడే. పగలా రాత్రా అని చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. చేతిలో డబ్బులు లేకపోయినా నగరంలో నీలోఫర్ దవాఖాన ఉంది. 1953 నుంచి తల్లులకూ పిల్లలకూ వైద్యం చేస్తున్న ప్రభుత్వ ఆసుపత్రి అది.

ఫిట్స్ మాట కూడా చెప్పాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూస్తే ప్రాణం పోయినట్టుంటుంది. చాలావరకు కొద్ది నిమిషాల్లో అవే ఆగిపోతాయి. బిడ్డను నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకండి. నీళ్ళు పోయకండి. చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, వీటితో టైం పోనివ్వకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108. ముందే ఆగినా, మొదటిసారి వస్తే ఆరోజే డాక్టర్‌కు చూపించండి.

పొద్దున్నే పారాసిటమాల్ పట్టించి స్కూల్ బస్సు ఎక్కించకండి. మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకపోతేనే బడికి. సెలవు దొరకడం ఎంత కష్టమో తెలుసు. మేనేజర్లు, సూపర్‌వైజర్లు ఎవరైనా వింటుంటే, పిల్లకు జ్వరమని ఫోన్ చేసిన మనిషికి ఆ రెండు రోజులు ఇవ్వండి.

జ్వరం పూర్తిగా పోయాక ఇంకో పని ఉంది. టైఫాయిడ్‌కు మంచి టీకా ఉంది. మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిందే. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా ఉంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు వేయొచ్చు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు టీకాల కార్డు వెంట తీసుకెళ్ళి, అది పడిందో లేదో అడగండి.